తినకుండానే రుచి చెప్పేవారు

వడియాలు పెట్టి అమ్ముకొనే ఒక ఇల్లాలికి వ్రాతగాళ్ళతో పనేమిటని పాఠకులు అడుగవచ్చు. మూడేళ్ళుగా ఆ వ్యవహారాన్ని దగ్గరనుండి చూస్తున్నాను గనుక, కొంత చెప్పగలను.

మేముండేది భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 2. ఇక్కడ తెలుగు మాట వినబడని వీధి అరుదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటి నుంచి, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు రాయగడ, తిత్లాగఢ్‌ల మీదుగా రైలెక్కి ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. మా నాన్నగారు వారిలో ఒకరు. నేను ఇక్కడనే పుట్టి, ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇంటి దగ్గర కూర్చుని ఇంగ్లీషు, హిందీల నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బ్రతుకుతున్నాను. మందు సీసాల మీది సూచనలు మొదలుకొని కోర్టు కాగితాల దాకా అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. కవిత్వం మాత్రం ఎప్పుడో పండుగకూ పబ్బానికీ.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉన్నావిడ పేరు ఇక్కడ అనవసరం; వీధి అంతటికీ ఆమె పిన్నిగారే. ఆమె భర్త రోలింగ్ మిల్లులో పనిచేస్తున్నారు, పదవీ విరమణకు ఎంతో కాలం లేదు. ఉద్యోగం ముగిస్తే క్వార్టరు విడువవలసిందే అన్నది టౌన్‌షిప్పు జీవితానికి మొదటి షరతు. లీజు దొరికిన కొద్దిమందిని మినహాయించండి. భవిష్య నిధి పింఛను ఇంటి అద్దెకు చాలదు. కూతురు నర్సింగు చదువుతున్నది. పిన్నిగారి చేతిలో ఉన్న విద్యల్లా బూడిద గుమ్మడికాయ వడియాలు. కాయ తరిగి, ఉప్పు వేసి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద ఉంచి, నీరు పిండి, రుబ్బిన మినప్పిండిలో అల్లం, పచ్చిమిర్చి, ఇంగువలతో కలిపి మేడ మీద పెట్టేవారు. సెక్టర్ 5 బాలాజీ మందిరంలో కలిసే ఆడవారి నోటి మాట మీదనే అవి ఇరవై ఏళ్ళు అమ్ముడుపోయాయి.

ఆ నోరే తగ్గిపోవడంతో చిక్కు వచ్చింది. కర్మాగారంలో స్థిరోద్యోగులు ఏటేటా తగ్గుతూ వచ్చారు. రిటైరైన తెలుగు కుటుంబాలు విశాఖకో, హైదరాబాదుకో, పిల్లలున్న చోటికో తరలిపోయాయి. వడియాలు తినేవారు లోకంలో తగ్గలేదు, పిన్నిగారికి ఎదురుపడేవారు తగ్గారు. వెళ్ళిపోయిన వారికి ఈ కబురు ఎవరు చెప్పాలి?

వంటల గురించి ఇంటర్నెట్‌లో వ్రాసేవారితో పరిచయం చేసుకొమ్మని కూతురు సలహా చెప్పింది. తెలుగులో ఈ వ్రాతలకు మంచి చరిత్రే ఉన్నది. ఇంగ్లీషు కీబోర్డు మీదనే తెలుగు వ్రాసుకొనే ‘లేఖిని’ వంటి ఉపకరణాలు, బ్లాగులన్నిటినీ ఒక చోట చూపే ‘కూడలి’ వంటి సంకలినులు వచ్చిన 2006 ప్రాంతంలో ఎందరో గృహిణులు, ఉద్యోగులు, ప్రవాసులు బ్లాగులు తెరిచారు. సంపాదకుడూ లేడు, పారితోషికమూ లేదు. అమ్మమ్మ వంటా, ఊరి చెరువూ, పాత సినిమా, ఏది తోస్తే అది వ్రాశారు. తరువాత చాలామంది వీడియోలకు మళ్ళారు. కొందరు మాత్రం ఇప్పటికీ వ్రాస్తున్నారు. వారిని చదివేవారి సంఖ్య పెద్దది కాకపోవచ్చు గాని, ఆ చదివేవారు వారి మాట నమ్ముతారు. అసలు ఆస్తి ఆ నమ్మకమే. దానిని వ్యాపారి ఎట్లా తాకాలన్నదే ఈ వ్యాసానికి విషయం.

మొదట పిన్నిగారు ఒక ప్రచార సంస్థను ఆశ్రయించారు. వారు ఇంగ్లీషులో ఒక ఉత్తరం తయారు చేసి, తెలుగు చేసి పెట్టమని నాకే పంపించారు. ‘ప్రియమైన బ్లాగరు గారికి, మేము మీ రచనలకు వీరాభిమానులము’ అని మొదలవుతుంది. పేరు వ్రాయవలసిన చోట ఖాళీ గడి. దీనినే రెండు వందల మందికి పంపుతారట. ఆ రెండు వందల మందిలో ఒక్కరి వ్రాతనైనా ఎవరూ చదవలేదని ఆ ఉత్తరమే సాక్ష్యం చెబుతున్నది. అనువాదకురాలిగా నా వృత్తి ధర్మం మూలానికి విధేయత. కాని ఆ ఖాళీ గడికి నేనెట్లా విధేయురాలిని కావాలి? ఆ పని నేను తీసుకోలేదు. పిన్నిగారికి మాత్రం, “మనమే వ్రాద్దాం. ముందు చదువుదాం” అన్నాను.

చదవడానికి ఆరు వారాలు పట్టింది. పగలంతా నా పని, రాత్రి భోజనాలయ్యాక పిన్నిగారు మా ఇంటికి వచ్చేవారు. నేను బయటికి చదివేదాన్ని. ఆవిడ బీన్స్ తుంచుతూనో, చింతపండు పిక్కలు తీస్తూనో వినేవారు. వంటల మీద వ్రాసే వారి రచనలు పాతిక దాకా చూశాము. “ఈవిడ ఎప్పుడూ స్టవ్ ముట్టలేదమ్మా” అని కొందరిని ఆవిడ ఒక్క మాటతో తోసేసేవారు. మెంతులు ఎంత వేగాలో వ్రాసిన తీరు చూసి చెప్పేవారు; సాహిత్య విమర్శ చదువుకున్న నాకు ఆ సూక్ష్మత అందలేదు. చివరికి నలుగురు మిగిలారు. వారిలో ఒకావిడ విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసి విరమించారు. పన్నెండేళ్ళుగా ఉత్తరాంధ్ర వంటల గురించి వ్రాస్తున్నారు. వడియాలను పులుసులో ఎప్పుడు వేయాలన్న దాని మీద ఆమె ఒక టపా అంతా వ్రాశారు. పొయ్యి దించాక వేయాలన్నది ఆమె పక్షం. పిన్నిగారు కాదంటారు. ఒక పొంగు వచ్చేటప్పుడు వేయాలిట.

మా ఉత్తరం ఆ తగాదాతోనే మొదలయింది. ఫలానా టపాలో మీరిలా అన్నారు, మేమిలా చేస్తాము, కారణం ఇది. ఆ తరువాత రెండు వాక్యాల్లో, భిలాయిలో వడియాలు పెట్టి అమ్ముతుంటామనీ, ఇష్టమైతే ఒక పొట్లం పంపుతామనీ. అంతే. ‘మా గురించి వ్రాయండి’ అన్న మాట ఎక్కడా లేదు. పిన్నిగారికి అది వెలితిగా తోచింది. “అడక్కుండా ఎవరిస్తారమ్మా?” అన్నారు. అడిగితే ఆవిడ ఇవ్వగలిగింది ఒక్కటే, ప్రకటన. ప్రకటన కావాలంటే పత్రికకు డబ్బు కడితే సరిపోతుంది గదా అన్నాను.

పందొమ్మిదవ నాటికి జవాబు వచ్చింది. పులుసు సంగతిలో ఆమె తన పక్షం వదలలేదు. పైగా మూడు షరతులు. పొట్లం ఉచితంగా పుచ్చుకోను, కొనుక్కుంటాను. ఉచితంగానే పంపితే ఆ సంగతి నా వ్రాతలో మొదటి వాక్యంగా ఉంటుంది. వ్రాసింది అచ్చు కాక ముందు మీకు చూపించను. నచ్చకపోతే నచ్చలేదని వ్రాస్తాను. వీటి కింద ఒక ప్రశ్న: ఉక్కు కర్మాగారం దాపున మేడ మీద ఎండబెట్టే వడియాల మీద ధూళి పడదా?

పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్ళి, వడియాల మీద కప్పే పల్చని తెల్ల గుడ్డ తెచ్చి చూపించారు. రోజూ ఉతుకుతారు. ఉతకక ముందు దాని మీద బూడిద రంగు జాడ కనబడుతూనే ఉంది. ఆ గుడ్డను ఉతకక ముందొకటి, ఉతికిన తరువాత ఒకటి ఫొటోలు తీసి, దాపరికం లేకుండా పంపించాము. ఇది తెలివి తక్కువ పని అని ప్రచార సంస్థవారు చెప్పి ఉండేవారు. ఆమె మాత్రం, “పొట్లం పంపండి, ఖరీదు ఎంత?” అని వ్రాశారు.

ఈ మధ్యలోనే మరొకరితో బేరం నడిచింది. వీడియోలు చేసే ఒక యువకుడు. అతనిని అనుసరించేవారు లక్షల్లో ఉన్నారు. అతడు ఒక ధర చెప్పాడు. అది పిన్నిగారికి మూడు నెలల రాబడి. మాటలు మేమే వ్రాసి ఇవ్వాలన్నాడు. సరుకు ఎక్కడికి పంపమంటారని అడిగితే, అవసరం లేదు, ఫొటో చాలునన్నాడు. ఇది ప్రకటన అని వీడియోలో చెబుతారా అంటే, చెబితే ఎవరు చూస్తారని నవ్వాడు.

“తినకుండానే రుచి సెప్తాడా?” అన్నారు పిన్నిగారు. వ్యవహారం అక్కడితో ముగిసింది.

చట్టం కూడా ఆవిడ పక్షానే ఉన్నది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో మార్గదర్శకాలు జారీ చేసింది. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఇంటర్నెట్‌లో వస్తువులను మెచ్చుకొనేవారి కోసం విడిగా ఒక పుస్తిక వెలువరించింది. డబ్బు పుచ్చుకొంటేనే కాదు, ఉచిత వస్తువు, ప్రయాణం, బహుమతి, చివరకు బంధుత్వం ఉన్నా దానిని చూసేవారికి కనబడేటట్లు చెప్పాలి. వస్తువును తాము వాడి ఉండాలి. తప్పుదోవ పట్టించిన వారికి పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా విధించవచ్చు. వ్యాపారికీ, మెచ్చుకొన్నవారికీ ఇద్దరికీ. నా వృత్తికి ఇంపైన మాట ఇంకొకటి ఆ పుస్తికలో ఉన్నది: మెచ్చుకోలు ఏ భాషలో ఉంటే ఈ వెల్లడీ ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో గంటసేపు పొగిడి, మూలన ఇంగ్లీషు పొడి అక్షరాలు రెండు చూపిస్తే చెల్లదన్న మాట.

అయితే డబ్బిచ్చి పొగిడించుకోవడమే పాపమని నేను అనను. మన సాహిత్యమే ఒప్పుకోదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకునికి. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన ఇంటివాడాయన. పరదీవుల నుంచి ఆయన తెప్పించే కర్పూరం, ఏనుగులు, గుర్రాలు, పట్టుల జాబితా ఆ కావ్యం అవతారికలో ఉన్నది. ఆరు వందల ఏళ్ళ తరువాత కూడా ఆయన సరుకు మనకు తెలుస్తున్నదంటే, ఇంతకు మించిన ప్రచారం ఏ వ్యాపారికి దొరికింది? కాని గమనించండి, కృతిభర్త ఎవరో గ్రంథారంభంలోనే ఉంటుంది. చదువరి దగ్గర ఏదీ దాచలేదు. పిమ్మట శివుని కథ ఎట్లా నడిపించాలన్నది కవి ఇష్టం. సెట్టిగారు పద్యం దిద్దలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారు చేసి, సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేసిన వ్యాపారి. వ్రాసేవారితో ఆయన పెట్టుకొన్న సంబంధం చూడండి: 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924లో భారతి. మందు సొమ్ముతో సాహిత్యాన్ని పోషించారు. పత్రిక యజమాని ఎవరో, ఆయన రాబడి ఎక్కడిదో తెలుగుదేశానికంతా తెలుసు. భారతిలో వ్యాసం వ్రాసిన పండితుడు తలనొప్పి ప్రసక్తి తేవలసిన అవసరం కలగలేదు.

పిన్నిగారు పంతులుగారూ కారు, సెట్టిగారూ కారు. ఆవిడ దగ్గర ఉన్నది బూడిద గుమ్మడికాయలు. మొదటి పొట్లం విశాఖ చేరేసరికి సగం పొడి అయింది. ఆ బ్లాగరు ఫొటో తీసి మాకు పంపారు. అచ్చులో ఆ మాట అప్పటికి ఎత్తలేదు. రెండవసారి, మూతవేసిన డబ్బాను పెద్ద అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ మరమరాలు కూరి పంపాము. ఛత్తీస్‌గఢ్ వరి దేశం; మరమరాలకు ఇక్కడ కరువు లేదు. ఈ ఉపాయం కూడా పిన్నిగారిదే.

నెల తరువాత ఆమె వ్రాసింది వెలువడింది. మొదటి వాక్యం: ఖరీదు ఇచ్చి కొన్నాను, మొదటి పొట్లం విరిగి వచ్చింది, రెండవది బదులుగా పంపారు. ఆ పైన, వేగిన వడియం లోపల గుల్లగా విచ్చుకొన్న తీరు గురించి ఒక పేరా. తెల్ల గుడ్డ గురించి ఒక పేరా. ఆ తరువాత, ఉప్పు ఒక పాలు ఎక్కువ, ఇంగువ ఇంకా పడాలి, విశాఖ దుకాణాల కంటే ధర హెచ్చు.

పిన్నిగారు మూడుసార్లు చదివించుకొన్నారు. ఉప్పు దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ ముఖం ముడుచుకొన్నారు. “మా అత్తగారు కూడా ఇదే అనేవారు” అన్నారు చివరికి.

ఆ వారంలో పద్నాలుగు ఉత్తరువులు వచ్చాయి. సంఖ్య పెద్దది కాదు. కాని వాటిలో తొమ్మిది భిలాయిలో ఒకప్పుడు ఉండి వెళ్ళినవారివి. వడియాలు పంపమని రెండు మాటలు, తక్కినదంతా ప్రశ్నలు. అయ్యప్ప గుడి దారిలో జామచెట్లు ఉన్నాయా? మైత్రీబాగ్‌లో తెల్ల పులులు ఉన్నాయా? మీది ఏ స్ట్రీట్? ఒకాయన కూర్మన్నపాలెం నుంచి ఫోను చేసి, తమ పాత క్వార్టరులో ఇప్పుడెవరుంటున్నారో చూసి చెప్పమని అడిగారు. పిన్నిగారు మధ్యాహ్నం ఎండలో వెళ్ళి చూసి వచ్చారు. ఈ మనుషులను రెండు వందల ఉత్తరాలు వెదికి పట్టలేవు. ఆ బ్లాగరు వ్రాతను పన్నెండేళ్ళుగా చదువుతున్నవారు గనుక, ఉప్పు ఎక్కువ అని చెప్పిన నోరే గుల్లగా ఉన్నదని చెప్పింది గనుక, నమ్మారు.

తక్కిన ముగ్గురి సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు మర్యాదగా వద్దన్నారు. మూడవ వారు దుర్గ్ సమీపంలోని ఒక పల్లెలో ఛత్తీస్‌గఢీ వంటల వీడియోలు చేసే కుర్రవాడు. ఈ రాష్ట్రంలో వీడియోలు తీయడం ఇప్పుడు చిన్న ముచ్చట కాదు. రాయపూర్ జిల్లా తుల్సీ గ్రామంలో ఊరు ఊరంతా నటులూ, కెమెరా పట్టేవారే. ‘బీయింగ్ ఛత్తీస్‌గఢియా’ వంటి ఛానెళ్ళు అక్కడివే. 2023లో ప్రభుత్వం ఆ ఊరిలో ఒక స్టూడియో కూడా కట్టించింది. మా కుర్రవాడు మాత్రం ఒంటరి పక్షి. అతడు పిన్నిగారి పొట్లం చూసి, “ఇది మా రఖియా బడీయే కదా!” అన్నాడు. నిజమే. ఇక్కడి ఇళ్ళలో చలికాలంలో బూడిద గుమ్మడి, మినప్పిండి కలిపి పెట్టే బడీలకూ మన వడియాలకూ తోబుట్టువుల పోలిక. పిన్నిగారు ముప్ఫై ఏళ్ళుగా పక్కింటి మేడ మీద అవి చూస్తూనే ఉన్నారట, వేరే సరుకనుకొన్నారు.

ఆ మాట విశాఖ బ్లాగరుకు వ్రాశాను. ఆమె జవాబు ఈసారి ఒక్క రోజులో వచ్చింది, పదకొండు ప్రశ్నలతో. మినుము పొట్టు తీస్తారా? కాయను తురుముతారా, తరుగుతారా? వేయించి తింటారా, కూరలో వేస్తారా? పిన్నిగారు పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర ఒక పూట కూర్చుని సమాధానాలన్నీ తెచ్చారు. ఆ సమాచారంతో ఆమె వ్రాసిన రెండవ వ్యాసంలో అమ్మకం ప్రసక్తే లేదు. సమాచారం చెప్పినవారిగా ఇద్దరు ఆడవాళ్ళ ప్రస్తావన మాత్రం ఉన్నది. వ్యాపార దృష్టితో చూస్తే అది శుద్ధ దండుగ. నాకు మాత్రం, సంబంధం అన్న మాటకు అర్థం అప్పుడే మొదలయిందని తోచింది. ఇప్పుడు ఆమెకు ఉత్తరాంధ్ర దాటిన ఏ వంట సందేహం వచ్చినా మొదట పిన్నిగారికే ఫోను చేస్తారు. పిన్నిగారు కూడా ఇంగువ పాలు కొంచెం పెంచారు. ఉప్పు పెంపూ తగ్గింపూ గురించి నన్ను అడగవద్దన్నారు.

రాబడి ఇంటి అద్దెకు ఇంకా పూర్తిగా చాలదు. కూతురి ఫీజు మాత్రం గత సంవత్సరం అప్పు లేకుండా కట్టారు. ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేయించారు. ఆ దరఖాస్తు నింపింది నేనే.

2024 సెప్టెంబరులో దుర్గ్‌కూ విశాఖపట్నానికీ మధ్య వందే భారత్ రైలు మొదలయింది. వచ్చే చలికాలం, గుమ్మడికాయలు ముదిరాక, ఆ బ్లాగరు అందులో వచ్చి రెండు మేడలూ కళ్ళారా చూస్తానన్నారు. టిక్కెట్టు తన ఖర్చే, బస సెక్టర్ 6లో తన బంధువుల ఇంట్లో. ఇన్ని చెప్పినావిడకు మనం భోజనం పెట్టవచ్చునా, పెడితే అది కూడా మొదటి వాక్యంలో వ్రాస్తారా అని పిన్నిగారు నన్ను నిలదీస్తున్నారు. పుస్తిక మళ్ళీ తీసి చూడాలి. ఈలోగా పులుసు పెట్టడం మాత్రం ఖాయమయింది, వడియాలు పొంగు వచ్చేటప్పుడు వేసి.